విశాఖపట్టణపు అరుగులమీది మతప్రసంగము



ఒక మతము ఒక దేశమునకు ఎట్లు వచ్చినదని అడిగినచో చరిత్రకారులు సాధారణముగా రాజులను, దానశాసనములను, యుద్ధములను చూపి సమాధానము చెప్పుదురు. నేటి ప్రసంగము అంత పెద్దవిషయములను గూర్చినది కాదు. ఇరువురు మనుష్యులు ఒక అరుగుమీద కూర్చుండుట, అందొకడు తన విశ్వాసమును గూర్చి చెప్పుట, రెండవవాడు విని ఎదురుప్రశ్న వేయుట, పిమ్మట ఒప్పుకొనుటయో, నవ్వి లేచిపోవుటయో, మరునాడు మరల రమ్మనుటయో జరుగుట, ఈ చిన్నపనిని గూర్చినది. విశాఖపట్టణమున ప్రొటెస్టాంటు క్రైస్తవమతము ఈ త్రోవనే వచ్చినది. ఆ త్రోవలో మొదటి నూరేండ్లు ఎట్లు గడచినవో చూడవలసియున్నది.

లండనునగరమున 1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సంఘమువారు పంపగా జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇరువురు దొరలు 1804 సంవత్సరము తుదిని డేనిషువారి రేవైన తరంగంబాడిలో దిగి, చెన్నపట్టణము మీదుగా 1805 జూలై నెలలో విశాఖపట్టణము చేరిరి. ఇంగ్లీషువారు డేనిషువారి రేవున దిగుట ఏమని మీరు అడుగవచ్చును. ఈస్టిండియా కుంపిణీవారికి ఆ దినములలో మిషనరీలనిన గిట్టదు. మతప్రసంగము వలన జనులు కలవరపడుదురనియు, వర్తకము చెడుననియు వారి భయము. దొరలందరును ఒక్కటియే, కుంపిణీయు మిషనును ఒకే చేతి రెండు వ్రేళ్లు అని మనలో అనేకులు తలంతురు గాని, 1813లో పార్లమెంటువారు కుంపిణీ పట్టాను మార్చువరకు మిషనరీలకు ఈ దేశమున కాలు మోపుటయే కష్టముగా నుండెను.

అప్పటి విశాఖపట్టణము నేటి నగరము కాదు. నేటి నౌకాశ్రయము 1933లో తెరవబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. 1805లో అచ్చట నుండినవి ఒక చిన్నకోట, కుంపిణీవారి వర్తకపు కొట్లు, నేతగాండ్రును పల్లెవాండ్రును నివసించు పేటలు, కోమట్ల వీథులు, బ్రాహ్మణుల ఇండ్లు. ఓడలు దూరముగా సముద్రమున లంగరు వేసి నిలువగా పడవలు సరకులను ఒడ్డునకు చేర్చెడివి. అంతకు 11 సంవత్సరములకు ముందు, 1794లో, పద్మనాభము యుద్ధమున విజయనగరపు రాజు విజయరామరాజు కుంపిణీ సైన్యముచేత హతుడయ్యెను. ఆ మాట ప్రజలు మరువలేదు. అట్టి నేలమీద తెల్లనివాడొకడు వచ్చి అరుగుమీద కూర్చుండి, నీ ఆత్మను గూర్చి నీతో మాటాడవలెను అన్నచో విన్నవానికి ఏమి తోచును? వీడు పన్నుకొరకు వచ్చినవాడా, సైన్యముకొరకు వచ్చినవాడా యని మొదట తోచును. ఒక సంవత్సరమునకే, 1806 జూలైలో, వేలూరు కోటలో సిపాయిల తిరుగుబాటు జరిగెను. తలపాగాలను గూర్చియు, నొసటి బొట్లను గూర్చియు పాలకులు చేసిన ఆజ్ఞలు దానికి కారణములు. అయినను కుంపిణీ పెద్దలలో పలువురు ఆ నేరమును మిషనరీల నెత్తిన రుద్దజూచిరి.

ఇవన్నియు బయటి చిక్కులు. అసలు చిక్కు వారికి మాట రాకపోవుట. తెలుగు నేర్చుకొనుటకు నాడు ఇంగ్లీషువారికి మంచి వ్యాకరణ పుస్తకము లేదు. కేరీ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లోను, క్యాంబెల్ దొరది 1816లోను గాని వెలువడలేదు. కావున వారు పంతుళ్లను పెట్టుకొని, పిల్లలకు బడి పెట్టి, ఆ పిల్లల నోటినుండియు, పంతుళ్ల నోటినుండియు భాషను ఏరుకొనిరి. పరదేశి భాష నేర్చుటలో ఒక అపాయము గలదు. నౌకరులతో మాటాడి నేర్చినవానికి నౌకరులతో మాటాడు తెలుగే వచ్చును. అట్టివాడు తండ్రి వయసు గల కరణమును సైతము ఏకవచనముతో పిలుచును. ఏకవచనముతో పిలువబడిన పెద్దమనిషి పిమ్మట చెప్పబోవు దైవవిషయమును వినునా? మన అరుగులమీద మర్యాద తప్పినచో మాట అక్కడనే ఆగును.

మరియొక చిక్కు ఇంకను సూక్ష్మమైనది. పాపమను మాటను తీసికొనుడు. క్రైస్తవ బోధకు ఈ మాట మూలస్తంభము వంటిది. కాని మన ఇండ్లలో ముసలమ్మ ఒకతె తల్లిలేని బిడ్డను చూచి ‘అయ్యో పాపము’ అనును. అక్కడ పాపమనగా జాలి. పుణ్యముతో జతపరచినప్పుడు పాపమనగా కర్మఫలము. దొరగారు చెప్పునప్పుడు పాపమనగా దేవుని ఎదుట మానవుని అపరాధము. మాట యొకటియే, చెప్పువాని అర్థమొకటి, వినువాని అర్థము మరియొకటి. ఆత్మ, మోక్షము, కృప, అవతారము అను మాటలకును ఇదే గతి. గుడిలో ప్రసంగించువానికి ఈ తేడా తెలియదు, ఏలయన ఎవ్వరును లేచి అడుగరు. అరుగుమీద మాటాడువానికి వెంటనే తెలియును. ఎదుట నున్నవాడు, ‘అయ్యా, మీరు చెప్పునది మా గీతలోనే యున్నదిగదా’ అనును. అప్పుడు చెప్పువాడు తన మాటను తాను మరల చూచుకొనవలసివచ్చును. సంభాషణలో బోధకుడే మొదటి విద్యార్థి యగునని నా అభిప్రాయము.

ఈ దొరలకు ఆ విద్య నేర్పినవాడు ఆనందరాయరు అను బ్రాహ్మణుడు. ఇతని కథ మిషను నివేదికలలో గలదు, కొంత వివరముగా చెప్పదగినది. ఇతడు మైసూరున టిప్పూ సుల్తాను సైన్యమున లెక్కలు వ్రాయు ఉద్యోగి. టిప్పూ 1799లో శ్రీరంగపట్టణమున మరణించెను. లెక్కలతో పొట్ట పోసికొనుచున్నను ఇతని మనస్సు మోక్షవిచారమున నుండెను. ఒక వృద్ధ బ్రాహ్మణుడు ఇతనికి ఒక మంత్రమును ఉపదేశించి, దీనిని 4,00,000 మార్లు జపించినయెడల నీకు పరమపదము కలుగునని చెప్పెను. లెక్కల ఉద్యోగి గదా, లెక్క తప్పనివాడు. ఒక దేవాలయమున ఉపవాసములతో ఆ సంఖ్యను పూర్తిచేసెను. పూర్తియైన పిమ్మట కూడ మనస్సునకు నెమ్మది లేక ఇంటిదారి పట్టెను.

ఆ సమయమున ఒక రోమను కతోలిక క్రైస్తవుడు ఇతనికి తటస్థపడెను. ఇరువురును మతవిషయములు ముచ్చటించుకొనిరి. ఆ క్రైస్తవుడు ఇతనికి తెలుగు భాషలో నున్న క్రైస్తవ పుస్తకములను చదువుకొనుమని ఇచ్చెను. ఆ పుస్తకములు చదివి, ప్రశ్నలు పుట్టి, ఆ ప్రశ్నలతో ఇతడు మొదట కతోలిక గురువులను, పిమ్మట తరంగంబాడిలోని లూథరు మతస్థులైన మిషనరీలను చేరి, వారి సంఘమున కలిసి, 1808లో విశాఖపట్టణమునకు వచ్చి క్రాన్, డెస్ గ్రాంజెస్‌లకు సహాయుడయ్యెను. దారిలో కలిసి ముచ్చటించిన ఆ కతోలికుని పేరును నివేదికలు వ్రాయలేదు. అతడు గురువు కాడు, ఉపదేశి కాడు, జీతగాడు కాడు. పుస్తకము చేతనున్న యొక సామాన్యుడు. అతడు ఆనాడు మౌనముగా తన దారిని పోయినచో తెలుగు సువార్తలు మరియొక విధముగా, బహుశః ఇంకను ఆలస్యముగా, వెలువడియుండెడివి.

ఆనందరాయరు వచ్చినపిమ్మట పని స్వభావమే మారెను. అంతవరకు దొరలు తమలో తాము అనువదించుకొని, పంతులుచేత దిద్దించుకొనుచుండిరి. ఇప్పుడు మూలములోని భావమును నమ్మినవాడును, తెలుగు నుడికారము నెరిగినవాడును ఒక్కడే యయ్యెను. అనువదించిన భాగమును తీసికొనిపోయి జనులకు చదివి వినిపించుట కూడ ఇతడు చేసెను. విన్నవారికి అర్థము కాని చోట మాట మార్చవలెనని తెలియుటకు ఇంతకు మించిన పరీక్ష లేదు. నాటికి మన భాషలో అచ్చయిన వచనము దాదాపు లేదనియే చెప్పవచ్చును. కవిత్వము పద్యములలో నుండెను. వచనము కరణముల కవిలెలలోను, కైఫీయతులలోను, ఉత్తరములలోను నుండెను. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో గాని రాలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర 1838లో గాని అచ్చుకాలేదు. కావున సువార్తను ఏ తెలుగులో వ్రాయవలెనని అడుగుటకు వారికి ముందు దారి చూపిన పుస్తకము లేదు. సైన్యపు లెక్కలు వ్రాసిన చేయి ఆ పనికి దొరకుట వారి అదృష్టము.

వ్రాయవలసినది పండితులకా, సంతలోని వారికా యను ఈ వివాదము నూరేండ్లకు పిమ్మట ఈ ప్రాంతమునందే గిడుగు రామమూర్తి పంతులుగారి నోట, గురజాడ అప్పారావుగారి నోట మరల పుట్టినది. ఈ మాటలను గ్రాంథికమున చదువుచున్న నేను ఆ విషయమున తీర్పు చెప్పుటకు తగినవాడను కాను, ముందుకు పోదము.

క్రాన్ దొర 1809 జనవరిలో మరణించెను. డెస్ గ్రాంజెస్ 1810 జూలైలో విశాఖపట్టణముననే మరణించెను. వారు ఈ నేలపై గడపినది అయిదేండ్లు మాత్రమే. వారు సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బంగాళమందలి శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ యేటనే మార్చి నెలలో శ్రీరాంపురపు అచ్చుశాల అగ్నికి ఆహుతియై, అనేక భాషల అక్షరములు కరిగిపోయినవి. వారి వెనుక వచ్చిన ఎడ్వర్డు ప్రిచెట్టు, జాన్ గార్డన్ దొరలు పనిని సాగించిరి. ప్రిచెట్టు అనువదించిన క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున అచ్చయ్యెను. వీరందరికంటె చాల ముందుగా, 1727 ప్రాంతమున, బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాదిరి చెన్నపట్టణమున తెలుగు అనువాదమునకు పూనుకొనెను గాని అది అచ్చునకు ఎక్కలేదు.

ఇంత పాటుకు ఫలమెంత? మొదటి 25 సంవత్సరములలో విశాఖపట్టణమున బాప్తిస్మము పొందిన తెలుగువారు మిక్కిలి స్వల్పము. ఇది వైఫల్యమని వ్రాసినవారు గలరు. నాకట్లు తోచదు. వినువారు విని, ప్రశ్నించి, తమ మతమున తాము నిలిచిరి. అట్లు నిలుచుటకు వారికి స్వేచ్ఛ యుండెను గనుకనే అది సంభాషణ యయ్యెను. ఇది గాక దొరలు ఎదుర్కొన్న ప్రశ్నలలో ఒకదానికి వారియొద్ద మంచి సమాధానము లేదు. మీ మతము అంత మంచిదైనచో మీ కోటలోని దొరలు త్రాగి తూలుచు, ఆదివారమైనను గుడిమొగము చూడక ఏల తిరుగుచున్నారని జనులు అడుగగలరు. ఆ కాలపు మిషనరీలు పలుచోట్ల తమవారి నడతను గూర్చి తామే వాపోయిరి.

ఇక ఫలించిన చోట్లను చూతము. పురుషోత్తమ చౌదరిగారు 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన కవి. చేతికి వచ్చిన చిన్న క్రైస్తవ పుస్తకమును, శ్రీకాకుళ ప్రాంతమున క్రైస్తవులతో కలిగిన పరిచయమును ఇతనిని కదలించినవి. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఇతడు చేసిన గొప్పపని ఏమనగా, మన జనుల కలవాటైన రాగతాళములలో క్రైస్తవ కీర్తనలను రచించుట. అరుగుమీద వాదమునకు చోటులేని ఇంట భజనపాటకు చోటు దొరకును. 1890లో అతడు మరణించిన తరువాత కూడ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున అతని పాటలు నిలిచినవి. నేటికిని తెలుగు క్రైస్తవ సంఘములలో పాడబడుచున్నవి.

రెండవది పులిపాక జగన్నాథముగారి కథ. ఇతడు విశాఖపట్టణపు మిషను పాఠశాలలో చదివిన బ్రాహ్మణ యువకుడు. 1840లో వచ్చిన జాన్ హే దొర అచ్చట పాఠశాలను నడపుచుండెను. గురుశిష్యుల నడుమ దినదినమును జరిగిన చదువు, మాట, చర్చ, వీటి పిమ్మట జగన్నాథముగారు 1847లో బాప్తిస్మము పొందిరి. తరువాత శ్రీకాకుళమున దీర్ఘకాలము సంఘకాపరిగా నుండిరి. క్రైస్తవ చరిత్రలలో ఇది సంతోషవార్త. కాని పెద్దలారా, ఆ ఇంటి తల్లిదండ్రులను తలచుకొనుడు. ఆ కాలమున ఇట్టి కుమారుడు బంతిలో కూర్చుండుటకు లేదు, కర్మకు పనికిరాడు, చెల్లెండ్రకు సంబంధములు రావు. ఒకని మనస్సు మారినచో పదిమంది బ్రదుకు మారును. గురువు మాటకు శిష్యునిపై గల బలము, అరుగుమీద పరదేశి మాటకు గల బలము సమానము కావు. బడిలో చెప్పు మాట విషయమున మన పెద్దలు భయపడుటకు హేతువు లేకపోలేదు. ఆ యువకుడు తన మనస్సునకు సత్యమని తోచినదానిని పట్టుకొనుటకు చెల్లించిన మూల్యమును తక్కువ చేయుటయు న్యాయము కాదు. ఈ రెండును ఒక్క ఇంటనే జరిగినవి.

మాటకు బలమెక్కడ నుండి వచ్చునను ఈ విచారమునకు విశాఖపట్టణమును విడిచి ఒక మారు దక్షిణమునకు, ఒంగోలు సీమకు, పోవలసియున్నది. అచ్చట అమెరికను బాప్తిస్టు మిషనువారు పనిచేయుచుండిరి. యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు 1866లో భార్యతో గూడ బాప్తిస్మము పొందెను. అతడు అంతకుముందే యోగమార్గమున దేవుని వెదకినవాడు, తోళ్ల వర్తకమున ఊరూర తిరుగువాడు. తాళ్లకొండపాడు మొదలైన పల్లెలలో తనవారి గుడిసెల ముందు కూర్చుండి తనకు తెలిసినది చెప్పెను. దొర చెప్పినచో దొర మతము, పేరయ్య చెప్పినచో మనవాని మాట. అక్కడ వేలమంది వినుటకు కారణము ఇదియే.

అంతలో 1876 నుండి 1878 వరకు ధాతుకరువు వచ్చెను. జాన్ క్లౌ అను మిషనరీ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు పుచ్చుకొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. పనిచోట బోధయు సాగెను. అప్పుడు వేలమంది బాప్తిస్మమిమ్మని అడుగగా అతడు ఇచ్చుట మానెను. కూలికొరకు, గంజికొరకు మతము మారిరను మాట రాకూడదని అతని తలంపు. కరువు సాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఈ సంఖ్యను క్రైస్తవులు గొప్పగా చెప్పుకొందురు. నాకు మాత్రము దానికి ముందు అతడు ఆపియుంచిన నెలలే గొప్పవిగా కనబడును. అన్నము పెట్టు చేయి మతము చెప్పినచో వినువానికి కాదను శక్తి యుండదని ఆయన గ్రహించెను. ఇదే మెళకువ అందరు మిషనరీలకును, అన్ని మతములవారికిని ఉండెనని చెప్పలేము.

స్త్రీల విషయము ఒక్కమాట. అరుగు పురుషుల చోటు. లోపలి వసారాలకు మగబోధకుడు పోరాదు. కావున మిషనరీల భార్యలును, తరువాత తెలుగు క్రైస్తవ స్త్రీలును కుట్టుపని, అక్షరములు నేర్పుట, బిడ్డల జబ్బులు, ఇట్టి నెపములతో ఇంటిలోనికి పోయి మాటాడిరి. ఆ మాటలు కాగితమునకెక్కినవి తక్కువ, చరిత్రకు అదొక నష్టము.

జాన్ హే దొర 1891లో మరణించువరకు అర్ధశతాబ్దము తెలుగుసీమ మిషనుతోను, తెలుగు బైబిలు సవరణతోను సంబంధము కలిగియుండెను. 1812 నాటి మూడు సువార్తలలోని మాటలను ఎన్ని తరముల చేతులు దిద్దినవో లెక్కలేదు. కతోలికులు వేరుగా పనిచేయుచుండిరి. ఫ్రాన్సిస్ డి సేల్సు సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్టణము వచ్చిరి. మరుసటి యేటనే వారి సెయింట్ అలోషియస్ పాఠశాల ఆరంభమయ్యెను.

ఈ వ్యవహారము తుదకు శాసనకర్తల ముందునకును వచ్చినది. మతమును అవలంబించుటకును, ఆచరించుటకును హక్కు ఉండవలెనని అందరును ఒప్పుకొనిరి. ప్రచారము చేయుట అను మాట ఉండవలెనా వలదా యని 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు గట్టి వాదము జరిగినది. ఉంచుటకే నిర్ణయమైనది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 25వ అధికరణము ఆ హక్కును ప్రజాశాంతికిని, నీతికిని, ఆరోగ్యమునకును లోబరచి అందరికి ఇచ్చినది. 1977లో సుప్రీంకోర్టువారు ఆ మాటకు అర్థము చెప్పుచు, తన మతసిద్ధాంతములను వివరించి ఇతరులకు తెలుపుటకు హక్కు గలదు గాని, ఇతరుని మతము మార్చుట అను హక్కు ప్రత్యేకముగా ఎవ్వరికిని లేదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పును తప్పుపట్టిన న్యాయవేత్తలును గలరు. తెలుపుట ఎక్కడ ముగియును, మార్చుట ఎక్కడ మొదలగునను గీతను న్యాయస్థానము గీయవచ్చును. అరుగుమీద ఆ గీత ఎదుటివాని ముఖమున కనబడును. అతడు విసుగుచెందెనా, భయపడెనా, ఇంకొక మాట అడుగగోరుచున్నాడా?

నేడు విశాఖపట్టణపు నౌకాశ్రయము ప్రక్కన మూడు గుట్టలు వరుసగా నున్నవి. ఒకదానిమీద వేంకటేశ్వరుని గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మరియమాత దేవాలయము. రేవు కూలీలును, ఉక్కు కర్మాగారపు పనివారును, పల్లెవాండ్రును ఆ మెట్లను ఎక్కుచు దిగుచు నుందురు. క్రింద టీ దుకాణములవద్ద కొంతసేపు నిలిచి, ‘మీ గుట్టమీద ఏమి మ్రొక్కుకొంటివి?’ అని ఒకరినొకరు అడుగుకొనుట ఆ ఊరిలో వింత కాదు.